కోడిబొమ్మ వరుస

నూట డెబ్బై ఒకటి. మనసులో ఎన్నిసార్లు తిప్పి చూసినా అంతే. గంజికి వచ్చేవాళ్ళు రెండు వందలకు తగ్గితే మా ఊరి గంజి కేంద్రం ఎత్తేసి బేతంచెర్ల కేంద్రంలో కలిపేస్తానన్నాడు కరువు తాసిల్దారు. ఆయన దిగే బండి కోసమే ఈ బేతంచెర్ల ప్లాట్‌ఫారం మీద, నాపరాళ్ళ దొంతర నీడలో కూర్చున్నాను. నీడ అనడమే గానీ రాతి వేడి పంచె దాటి తొడలకు తగులుతోంది. బండి గంట ఆలస్యమని పోర్టరు గిడ్డయ్య చెప్పిపోయాడు, ఆలస్యం ఆయన చేతి చలువే అన్నంత దర్జాగా. మా ఊరు ఇక్కడికి ఎనిమిది మైళ్ళు. నేనంటే రాళ్ళ లారీ ఎక్కి వచ్చాను. ముసలివాళ్ళు, చంకన బిడ్డలున్న తల్లులు ఒక ముంత గంజి కోసం ఈ ఎండలో ఇంత దూరం నడిచి వచ్చి, తాగి, మళ్ళీ నడిచి పోతే తాగిందంతా దారిలోనే చెమటైపోతుంది. రోజూ ఇన్ని ముంతలు పోస్తున్నామని పోయిన వారం తాసిల్దారుకు చెప్పి చూశాను. "అయ్యవారూ, నాకు ముంతలు కాదండీ, మనుషులు కావాలి. వేరువేరు మనుషులు ఎంతమందో చెప్పండి. ఒక మనిషి రెండో ముంత పట్టాడని తెలిస్తే అతన్ని తీసేయండి" అన్నాడు. గోదావరి వైపు మనిషి. మర్యాదగా మాట్లాడతాడు, మర్యాదగానే మూసేస్తాడు.

నిజానికి ఆ వేరువేరు అన్న మాట నాకు నచ్చింది, అదే నా ఖర్మ. చిన్నప్పుడు మా నాయన నన్ను మంద దగ్గర నిలబెట్టి గొర్రెలు ఎన్నిరా అని అడిగితే, నల్లవి, తెల్లవి, మూతి మాత్రం నల్లగా ఉండేవి, చెవి తెగింది ఒకటి, అని చెప్పుకుంటూ పోయేవాణ్ణి. "ఎన్నిరా అంటే ఎన్ని రకాలో చెప్తాడు ఈడు. ఈణ్ణి మంద కాడ పెడితే తోడేల్ని గూడా ఒగ రకం కింద లెక్కేస్తాడు" అని నవ్వేవాడు ఆయన. నాయనా పోయాడు, మందా పోయింది, నాకు ఆ బుద్ధి పోలేదు. ఇప్పుడు ఈ రాళ్ళనే చూడు. వ్యాగనుకు ఎన్ని పడతాయన్నది గిడ్డయ్య బాధ. నాకు మాత్రం నలుపు, పసుపు, బూడిద రంగు, అదిగో ఆ అడుగున కొంచెం పచ్చని ఛాయ తగిలింది ఒకటి. అట్లాంటిది ఇంకొకటి లేదు. అది ఏ గనిలోదో, పసుపు రాళ్ళ మధ్యకు ఎట్లా చేరిందో, దాన్ని చెక్కినవాడు ఒక్క క్షణమైనా ఆగి చూశాడో లేదో తెలుసుకోవాలని ఉంది. ఊరి ఆకలి లెక్క చెప్పడానికి వచ్చి రాయి రంగు చూస్తున్నాడని ఎవరైనా అంటే అనవచ్చు. నా చేతిలో కూడా ఒక రాతి పెచ్చు ఉంది, ఇంకో చేతిలో మేకు. ఊళ్ళో అందరికీ పంచాక గంపలో ఒకటి మిగిలిపోతే జేబులో వేసుకున్నాను. దాని మీద ఏ బొమ్మా లేదు.

మనుషుల్ని వేరువేరుగా పట్టుకోవడం ఎట్లా అని మొదట శానా ఆలోచించాను. (శానా! మనసులో మాట్లాడుకున్నా ఊరి మాట దూరుతుంది.) పేర్లు రాద్దామనుకున్నాను. మా ఊళ్ళో అది జరిగే పని కాదు. బిడ్డ కోసం అహోబిలం స్వామికి మొక్కుకోని తల్లి లేదు, పుట్టిన తర్వాత ఆయన పేరు పెట్టకుండా మొక్కు ఎగ్గొట్టే ధైర్యమున్న తండ్రి లేడు. బడిలో హాజరు పిలుస్తూ ఓబులేసు అంటే సగం గది "ఉండా ఐవోరా" అంటుంది. పెద్దోబులేసు, చిన్నోబులేసు, బావి కాడి ఓబులేసు, మేకల ఓబులేసు. వాళ్ళ ఆడబిడ్డలంతా ఓబులమ్మలు. ఊరికి వాళ్ళు ఎవరికి వాళ్ళే, కాగితం మీదికి ఎక్కితే అందరూ కలిసి ఒక్కడైపోతారు. ఆ పద్ధతిలో లెక్క కట్టి ఉంటే మా ఊళ్ళో గంజి తాగేవాళ్ళు ముప్పైమంది లోపే తేలేవాళ్ళు, ఒక్కొక్క ఓబులేసు బకాసురుడికి అన్న అయ్యేవాడు. తర్వాత మొన్న చలికాలం ఎలక్షన్లలో వేలికి పూసిన సిరా గుర్తొచ్చింది. అదీ మంచి ఉపాయమే, ఒకసారి వేసినవాడు మళ్ళీ రాకుండా. నీలిమందు గిన్నెలో కలుపుకుని కూర్చున్నాను. వరుసలో మొదట నిలబడింది గురమ్మవ్వ. వేలు చూపించమంటే చెయ్యి తీసి కొంగులో దాచుకుంది. "గొర్రెలకు రంగేసినట్ల మాకు గూడా ఏస్తావా నాయనా? ఓటుకు ఏసిరి, సరే. ఆ పొద్దు మమ్మల్ని అడుక్కొని ఏసిరి. ఈ పొద్దు మేము అడుక్కుంటాండామని ఏస్తావా?" అంది. నీలిమందు తీసుకుపోయి గోడ వెనక పారబోశాను. ఆ గోడ ఇప్పటికీ నీలంగానే ఉంది.

రాళ్ళ సంగతి అప్పుడు తట్టింది. గని దగ్గర చెక్కగా రాలిన పెచ్చులు ఎన్నైనా ఊరికే దొరుకుతాయి. గంపెడు తెప్పించి, మనిషికొక పెచ్చు, మధ్యలో నాలుగైదు మేకులు పెట్టి, మీ మీ బొమ్మ గీసుకోండి, ఒకరిది ఒకరు గీయొద్దు, గంజికి వచ్చినప్పుడల్లా ఆ రాయి చూపించండి అన్నాను. ఆ పూట కరువు మరిచిపోయి నవ్వారు జనం. పుల్లయ్య తేలు గీశాడు. తేలు కుట్టి చచ్చి బతికాడట, అందుకని అది తనదేనన్నాడు. చిన్న ఈరన్న చేప గీశాడు. వాగులో నీళ్ళు చూసి రెండేళ్ళు దాటింది, చేప ఎందుకురా అంటే, "మరిచిపోతానేమో అని ఐవోరా" అన్నాడు. గురమ్మవ్వ అడ్డంగా ఒక గీత, కింద నాలుగు పొట్టి గీతలు గీసి మంచమంది. ఇద్దరు కొడవలి కోసం తగువు పడితే ఒకడు దానికి పిడి లేకుండా గీసుకున్నాడు. ఈ తలల్లో ఇన్ని బొమ్మలున్నాయని పదేళ్ళుగా ఈ ఊళ్ళో పాఠం చెబుతున్న నాకు తెలియదు. హులిగెమ్మ కోడిని గీసింది, పొదిగే కోడి, రెక్కలు కొంచెం విప్పుకుని ఉన్నట్టు.

మొన్న మధ్యాహ్నం బడి నేలంతా సుద్దముక్కతో ఆ బొమ్మలన్నీ వేశాను. ఎవరినీ ఆపొద్దు, వచ్చినన్నిసార్లు పోస్తూ పో అని గంజి పోసే మనిషికి చెప్పాను. పోసిన ప్రతి ముంతకూ రాయి చూసి ఆ బొమ్మ ఎదురుగా ఒక చింతగింజ పెట్టాను. గింజలన్నీ లెక్కపెడితే ముంతలు, బొమ్మలు లెక్కపెడితే మనుషులు. ఇంత తేలిక పని ఇన్నాళ్ళు ఎందుకు తోచలేదా అని నాకు నేనే మురిసిపోయాను. అంతా అయ్యాక చూస్తే గింజలు రెండు వందల ముప్పై ఒకటి, వరుసలు నూట డెబ్బై ఒకటి. ముక్కాలు పాళ్ళు బొమ్మల ఎదుట ఒక్క గింజే. కొన్నింటి ముందు రెండు, అక్కడక్కడా మూడు. కోడిబొమ్మ ముందు మాత్రం ఐదు గింజలు తోక కట్టుకుని ఉన్నాయి. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం అనుకున్నాను. అయినా కోపం కన్నా ముందు వింతే పుట్టింది. హులిగెమ్మ ఒంటి మనిషి. ఆలూరు వైపు నుంచి కోడలై వచ్చింది, మాటలో ఇంకా కన్నడం పలుకుతుంది. మొగుడు పని వెతుక్కుంటూ కోయిలకుంట్ల వైపు పోయాడు, పిల్లాజెల్లా లేరు. ఊదితే ఎగిరిపోయేటట్టుంటుంది. ఆ మనిషి ఐదు ముంతలు తాగితే ఆ గంజి పోయి ఎక్కడ చేరుతోంది?

ఆమెనే అడిగాను. "ఐదు ముంతలు ఎట్ల తాగితివి హులిగెమ్మా?"

ఆమె నా మొహంలోకి నేరుగా చూసింది. "నా కడుపు సెరువు ఐవోరా. ఎంత పోసినా గట్టెక్కదు. నేనేమన్నా దుడ్లు అడిగితినా, గంజే గదా" అని నవ్వి గంప ఎత్తుకుని పోయింది. పిడకల గంప. ఎనుములే లేని ఊళ్ళో ఈమెకు రోజూ ఇన్ని పిడకలు ఎక్కడివి అని కూడా అప్పుడు నాకు అనుమానం రాలేదు. ఆ అనుమానం నిన్న వచ్చింది. గంజి వేళ దాటాక ఆమె వెనకనే, కొంచెం ఎడంగా, దొంగ పిల్లిలాగా నడిచాను. బడి పంతులు పిడకల గంప వెంట పడ్డాడని ఎవరైనా చూసి ఉంటే ఊరు నవ్వేది. హులిగెమ్మ తన గుడిసె వైపు పోలేదు. రామసుబ్బమ్మగారి ఇంటి వెనక గోడ దగ్గర ఆగింది. నాలుగు కాండ్లు, ఎనిమిది ఎద్దులు కట్టి సేద్యం చేసిన ఇల్లు అది, వాళ్ళ కల్లంలో గింజ ఏరుకున్నవాళ్ళే ఇప్పుడు గంజి వరుసలో నిలబడేవాళ్ళు. పెరటి తలుపు జానెడు తెరుచుకుంది. లోపలి నుంచి ఒక చెయ్యి, చేతిలో చెంబు. హులిగెమ్మ పిడకల కింది నుంచి కుండ తీసి చెంబులోకి వంచింది. తలుపు మూసుకుంది. అట్లాగే ఇంకో పెరడు. ఇంకో పెరడు. పెద్దిళ్ళే అన్నీ. ఆకలైతే చావనైనా చస్తారు గానీ ముంత పట్టుకుని తమ జీతగాళ్ళ పక్కన నిలబడరు. రెండు గింజలవీ మూడు గింజలవీ వరుసలన్నీ కళ్ళముందు తిరిగాయి, ప్రతి ఎక్కువ గింజ వెనకా ఒక మూసిన తలుపు ఉండి ఉంటుంది. నేను లెక్కపెట్టింది మొహాల్ని. మొహం చూపించని మనిషి నా సుద్దగీతల్లోకి ఎట్లా వస్తాడు?

అంటే మా ఊళ్ళో గంజి తాగేవాళ్ళు రెండు వందల ముప్పై ఒక్కమంది. కేంద్రం నిలబడుతుంది. ఆ మాట తాసిల్దారుతో అంటే, ఏరీ, పేర్లు చెప్పండి అంటాడు. పేరు చెబితే రేపటి నుంచి ఆ పెరటి తలుపు జానెడు కూడా తెరుచుకోదు. చెప్పకపోతే నూట డెబ్బై ఒకటి, పైగా హులిగెమ్మ దొంగ. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టుంది.

"ఏమి ఐవోరా, శానా సేపటి నుంచి సూస్తాండా" అంటూ గిడ్డయ్య వచ్చి దొంతర మీద కూర్చున్నాడు. "ఆ పెచ్చు మింద మేకు పెడ్తావు, తీస్తావు. ఏం గీద్దామని?"

"తెలీదు గిడ్డయ్యా."

"ఎవురి రాయప్పా అది?"

"ఎవరిదీ కాదు. మిగిలింది."

గిడ్డయ్య రాయి తీసుకుని అటూ ఇటూ తిప్పి, మంచి పెచ్చే అన్నట్టు తల ఊపి ఇచ్చేసి, కూజాలో నీళ్ళు చూడటానికి లేచి పోయాడు. గంటలో ఎంత పోయిందో తెలియదు. ఎండలో పట్టాలు కదులుతున్నట్టున్నాయి. ఐదు గింజలు. ఒకటి హులిగెమ్మ తాగింది. మూడు పెరళ్ళు నేను చూసినవి. నాలుగే అయ్యాయి. ఐదో ముంత ఏది? నిన్న మూడో పెరడు దాటాక ఆమె గంప సర్దుకుని సందులోకి మళ్ళింది, నేను మలుపు దగ్గరే ఆగిపోయాను. ఇంక చూడటానికి సిగ్గేసింది, తెలిసింది చాలనుకున్నాను. తెలుసుకోవాలని ఇంత యావ ఉన్నవాణ్ణి ఆ ఒక్క మలుపు దగ్గర ఎందుకు చాలనుకున్నానో. ఏ సందు అది? చింతచెట్టు సందు. ఆ సందులో ఎన్నిళ్ళు? మూడు. మొదటింటికి తాళం, వాళ్ళు గొడ్లు తోలుకుని బద్వేలు వైపు పోయి రెండు నెలలైంది. రెండోది తేలుబొమ్మ పుల్లయ్యది, వాళ్ళింట్లో అందరికీ రాళ్ళున్నాయి, పెళ్ళాం బిడ్డలతో సహా ముందు వచ్చి నిలబడతారు. మూడోది.

మూడోది మాది.

కాదు. మా ఇంట్లో పాతర ఉంది, పాతరలో జొన్నలున్నాయి. ఉన్నాయని అమ్మ చెప్పింది. కొట్టం పక్కన నేలలో మనిషి లోతు తవ్విన పాతర, నాయన ఉన్నప్పుడు నేను లోపలికి దిగి గోడకు చెయ్యి ఆనించి గింజ ఎక్కడిదాకా ఉందో కొలిచేవాణ్ణి. ఈ ఏడాది ఎప్పుడు కొలిచాను? నెల కిందట మూత ఎత్తబోతే, "పాతర గాలి మంచిది గాదు నాయనా, నేను తీపిస్తాలే, నువ్వు బడికి పో" అంది. పోయాను. ఊరందరి మొహాలూ లెక్కపెట్టినవాణ్ణి మా పాతర మూత ఎత్తి చూడలేదు. నాకు రోజూ జొన్నరొట్టె పెడుతోంది, తెల్ల జొన్న, మా చేలోదే. నువ్వు తినవా అంటే, "నాకు పెందలాడే అయిపాయ, నువ్వు తిను" అంటుంది. ఎన్నాళ్ళుగా అంటోంది? రొట్టె ఒకప్పుడు రెండు, ఇప్పుడు ఒకటి. బడిలో కూర్చునేవాడికి ఎక్కువ తింటే నిద్ర వస్తుందంది, నేను నిజమే అన్నాను! పొద్దున నీళ్ళు తాగుదామని కంచు గిన్నె తీస్తే లోపల అంచు కింద చుట్టూ ఎర్రగా చార పట్టి ఉంది. బావి అడుగు నీళ్ళకు మన్ను పట్టిందనుకుని కడిగి తాగాను. మన్ను అంత నున్నగా వలయం కట్టదు. అది గంజి చార. ఊళ్ళో ఎవరి ఇంట్లోనూ ఎర్ర జొన్న లేదు, పైదేశం నుంచి ఓడలో వచ్చి కేంద్రానికి దిగింది ఒక్కటే ఎర్ర జొన్న. ఆ గంజి చార నేను రోజూ గంగాళాల్లో చూస్తున్నాను. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడి సంగతి ఎందుకు, నేను పట్టలేదు. కళ్ళు మండుతున్నాయి. ఎండకు కాదు. కృష్ణవేణమ్మ, మా అమ్మ, పెరటి తలుపు జానెడు తెరిచి చెంబు చాచింది, కొడుకు కంట పడకుండా. అది తాగి, పాతర అడుగున ఊడ్చిన గింజ నాకు రొట్టె చేసి పెట్టింది. హులిగెమ్మకు ఇదంతా తెలుసు. ఐదు ముంతలు ఎట్ల తాగితివి అని నేను అడిగినప్పుడు, ఒకటి మీ అమ్మది ఐవోరా అని ఒక్క మాట అనవచ్చు. నా కడుపు సెరువు అంది.

బండి కూత వేసింది. గిడ్డయ్య తువ్వాలు తలకు చుట్టుకుంటున్నాడు. పొగ, వేడి, బొగ్గు నలుసులు. తాసిల్దారు దిగి, టోపీ తీసి నుదురు తుడుచుకుని, నన్ను చూసి నవ్వాడు. గిడ్డయ్య పెట్టె ఎత్తుకున్నాడు. పక్కన ఇద్దరు ముగ్గురు మా వైపు వాళ్ళే రాళ్ళ బేరగాళ్ళు నిలబడి ఉన్నారు.

"ఏం తేలిందండీ అయ్యవారూ?"

"ముంతలు రెండు వందల ముప్పై ఒకటి సార్. వచ్చిన మొహాలు నూట డెబ్బై ఒకటి."

"చూశారా మరి. ఒకటికి రెండు పట్టేవాళ్ళు ఉన్నారన్నమాట. అందరికన్నా ఎక్కువ పట్టింది ఎవరు?"

"కోడిబొమ్మ మనిషి. ఐదు."

"ఐదా! ఆ రాయి తీసేసుకోండి ముందు."

"ఆమె తాగింది ఒకటే సార్. నాలుగు మోసింది. వరుసలో వచ్చి నిలబడలేని ఇళ్ళకు. అట్లా మోసేవాళ్ళు ఇంకా ఉన్నారు. వాళ్ళందర్నీ కలిపితే రెండు వందల ముప్పై ఒక్కమంది."

ఆయన మొహంలో కోపం లేదు. "కావచ్చునండీ. కానీ పేరూ లేక, మొహమూ లేక, అక్కడ ఒక మనిషి ఉన్నాడని నేను ఎలా రాసుకోను? ఒక్క పేరు చెప్పండి, చూద్దాం."

న్యాయమైన మాటే. రామసుబ్బమ్మగారి పేరు నాలుక చివరికి కూడా రానివ్వలేదు. అమ్మ పేరు వచ్చింది, గొంతులోనే ఆపాను. ఆ పేరు ఆమెది, తలుపు వెనక దాచుకుంది, ఇక్కడ బేరగాళ్ళ మధ్య పరిచే హక్కు నాకు లేదు. కానీ ఆ ముంత వల్ల రొట్టె తిన్నవాడు ఇంకొకడు ఉన్నాడు, వాడి పేరు నా సొత్తు.

"గోపన్న" అన్నాను. "బడి అయివారు. ఆ నాలుగింటిలో ఒకటి మా ఇంటిది."

గిడ్డయ్య నెత్తి మీద పెట్టె కదలకుండా ఉంది. బేరగాళ్ళు తలలు తిప్పి చూశారు. పొద్దు గూకేలోపు ఈ మాట లారీ ఎక్కి మా ఊరు చేరుతుంది, అమ్మ నాతో మాట్లాడదు, ఎన్నాళ్ళు మాట్లాడదో తెలియదు. నాకు భయమేసింది, ఆ భయంలోనే ఒళ్ళు తేలికైంది కూడా.

"రేపు గంజి వేళకు రండి సార్" అన్నాను. "ముంత పట్టుకుని నేను వరుసలో నిలబడతాను. ఆ ఇళ్ళవాళ్ళు గోడల మీది నుంచి చూస్తారు. చూసి తలుపు తీస్తారో, గడియ వేసుకుంటారో చెప్పలేను. నాకూ తెలుసుకోవాలని ఉంది."

తాసిల్దారు టోపీ పెట్టుకోబోయి మళ్ళీ తీశాడు. "రేపటిదాకా బేతంచెర్లలోనే ఉంటానండీ. అప్పటిదాకా ఏ అంకె కూడా రాయను. ఆ కోడిబొమ్మావిడ రాయి కూడా ఆమె దగ్గరే ఉంచండి" అని, గిడ్డయ్యకు సైగ చేసి నడిచాడు.

నేను దొంతర మీద మళ్ళీ కూర్చుని పెచ్చు ఒళ్ళో పెట్టుకున్నాను. ఈసారి మేకు ఆగలేదు. గుండ్రంగా ఒక గీత, మధ్యలో పట్టుకుని ఎత్తడానికి చిన్న కడియం. గిడ్డయ్య పెట్టె దించి వెనక్కి వచ్చినట్టున్నాడు, భుజం మీది నుంచి తొంగి చూశాడు.

"రొట్టెనా ఐవోరా?"

"కాదు. పాతర మూత."

"ఊఁ. ఎవురి రాయప్పా ఇది?"

"నాది" అన్నాను.